మడమ నొప్పి ఉన్న అమ్మను డిస్నీ వరల్డ్ తీసుకెళ్లొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. అమ్మగారికి 61 ఏళ్లు. రెండేళ్లుగా మడమల నొప్పి, ఎక్స్‌రే తీసి "ఎముక పెరిగింది" అన్నారు. జూన్‌లో విజయవాడ నుంచి న్యూజెర్సీకి మీ దగ్గరికి వస్తున్నారు. వచ్చిన వారానికే ఓర్లాండోలో డిస్నీ వరల్డ్, నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్). వీల్‌చైర్ మాటెత్తితే "నేనేమన్నా కాళ్లు పడిపోయినదాన్నా" అని కసురుతున్నారు. ట్రిప్పు మానుకోవాలా, మంచి షూస్ కొంటే గట్టెక్కుతామా అన్నది మీ సందేహం.

మానుకోవద్దు. కానీ ఒక్క షూస్‌తో గట్టెక్కరు. వీల్‌చైర్ మొదటి రోజు పొద్దున్నే తీసుకోండి, నొప్పి మొదలయ్యాక కాదు. నాలుగు పార్కుల్లో ఒకటి వదిలేయండి. రోజూ మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు గదికి వచ్చి కాళ్లు చాపుకోనివ్వండి. ఈ మూడూ కుదిరితే షూస్ సంగతి సులువే. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైన షూస్ కొన్నా రెండో రోజు సాయంత్రానికి అమ్మగారు హోటల్ గదిలో, మీరు పార్కులో ఉంటారు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఫిజియోథెరపిస్టుని. గుంటూరులో పదకొండేళ్లు చేసి ఫ్లోరిడా వచ్చాను. ఓర్లాండోకి గంటన్నర దూరంలో ఉంటాం కాబట్టి ఇండియా నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా డిస్నీ తప్పదు, గైడు ఉద్యోగం నాదే. పైగా ఈ మడమ నొప్పి నాకూ ఆరేళ్లు ఉంది. 2018లో మా పిన్ని పిల్లలతో వెళ్లి, రోగులకు రోజూ చెప్పే మాటల్లో ఒక్కటీ పాటించకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగాను. బాణసంచా అయిపోయేసరికి ఫోన్‌లో 21,000 అడుగులు దాటాయి. అందరూ బయటికి తోసుకుపోతుంటే నేను రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని ఎడమ షూ విప్పి పట్టుకున్నాను. మళ్లీ తొడుక్కోవడానికి ధైర్యం చాలలేదు. ఆ ఒక్క రోజుకి మూడు వారాలు కుంటుకుంటూ డ్యూటీకి వెళ్లాను.

అసలు నొప్పి ఎక్కడ పుడుతుందో చూద్దాం. "ఎముక పెరగడం" అన్న మాటకి భయపడకండి. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది మడమకి అతుక్కునే చోట దెబ్బతినడమే చాలామందిలో ఈ నొప్పికి కారణం. ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. ఎక్స్‌రేలో కనిపించే ఆ ఎముక కొస ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా కనిపిస్తుంది, కాబట్టి దాన్నే దోషిని చేయక్కర్లేదు. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండడంతో ఆ పట్టీ బిగుసుకుంటుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఒక్కసారిగా సాగుతుంది, మేకు దిగినట్టుంటుంది. అమ్మగారికి కూడా పొద్దుటి మొదటి పది అడుగులే నరకంగా ఉండి, తర్వాత కాస్త సర్దుకుంటుంటే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

థీమ్ పార్కులో అందరూ నడకకి భయపడతారు. నా అనుభవంలో నడక కంటే పాడుచేసేవి రెండున్నాయి. ఒకటి, లైన్లో నిలబడడం. నడిచేటప్పుడు బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటుంది, పిక్కలు పనిచేస్తుంటాయి. నలభై నిమిషాలు లైన్లో నిలబడి అర నిమిషానికి ఒక అడుగు జరగడంలో ఆ వెసులుబాటు లేదు, అరికాలు అలా ఒత్తిడిలోనే ఉండిపోతుంది. రెండోది ఎవరూ ఊహించనిది: రైడ్‌లో కూర్చుని లేవడం. ఇరవై నిమిషాలు ఏసీలో కూర్చుంటే పట్టీ మళ్లీ బిగుస్తుంది. దిగే చోట సిబ్బంది తొందరపెడతారు, గబుక్కున లేచి అడుగు వేస్తాం. అంటే పొద్దుటి మొదటి అడుగు రోజుకి ఒకటి కాదు, పార్కులో పది పదిహేను. అందుకని రైడ్ ఆగడానికి నిమిషం ముందే, కూర్చున్న చోటే, మడమలు నేలకి ఆనించి పాదాలు పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించమనండి. బొటనవేళ్లను పైకి లాగి పట్టుకోవాలి. పైసా ఖర్చు లేని పని. మా వాళ్లందరికీ ఇప్పుడు అలవాటైపోయింది, సినిమా హాల్లో శుభం కార్డు పడుతుంటే కూడా చేస్తారు.

"అమ్మ పోయినేడు అలిపిరి నుంచి కొండెక్కింది, 3,550 మెట్లు, ఇదేం లెక్క" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. మెట్లెక్కడం ఒక పూట పని. ఎక్కాక దర్శనానికి కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెడతారు, కాళ్లు బారచాపుకుని గోడకి ఆనుకోవచ్చు. డిస్నీ లైన్లో కూర్చోవడానికి ఏమీ ఉండదు. రెయిలింగ్‌కి ఆనుకోవడమే. మడత కుర్చీలు పార్కులోకి తేనివ్వరు. పైగా మర్నాడు పొద్దున్నే మళ్లీ ఇంకో కొండ.

ఇక వీల్‌చైర్. ఎయిర్‌పోర్టులో మన పెద్దవాళ్లు ఏ మొహమాటమూ లేకుండా వీల్‌చైర్‌లో కూర్చుంటారు. చక్కగా నడవగలిగినవాళ్లు కూడా, ఇమ్మిగ్రేషన్‌లో భాష ఇబ్బంది లేకుండా దాటించేస్తారని, టికెట్ కొనేటప్పుడే పిల్లలు పెట్టేస్తారు. అమ్మగారికీ మీరు పెట్టే ఉంటారు. అక్కడ రాని నామోషీ పార్కులో ఎందుకొస్తుందంటే, అక్కడ అది విమానం వాళ్ల ఏర్పాటు, ఇక్కడ "నా కూతురు నన్ను తోస్తోంది" అన్న బాధ. దీన్ని వాదించి గెలవలేం. నేను వాదించడం మానేశాను. ఇప్పుడు నేను చేసేది ఇదీ: గేటు దాటగానే ఒక వీల్‌చైర్ అద్దెకి తీసుకుని, "అత్తయ్యా, ఈ బ్యాగులూ నీళ్ల సీసాలూ పిల్లల రెయిన్‌కోట్లూ ఎవరు మోస్తారు, ఇందులో పెడదాం" అని సామానంతా దాని మీద పేరుస్తాను. ఎవరినీ కూర్చోమనను. పదకొండు గంటలకి, రెండో లైన్ చూశాక, "ఆ బ్యాగులు కాస్త వెనక తగిలించమ్మా" అంటారు. ఇప్పటిదాకా నలుగురితో చేశాను. నలుగురూ పన్నెండు లోపే కూర్చున్నారు.

అమ్మగారు రోజంతా అందులోనే ఉండాలని కాదు. దుకాణాల్లో, తోటల్లో, తనకి నచ్చిన చోట నడవనివ్వండి. లైన్లలో, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లేటప్పుడు కూర్చుంటే చాలు. లైన్లో నిలబడే గంటలు తీసేస్తే మిగిలిన నడక ఆమె పాదాలు తట్టుకుంటాయి.

కొన్ని వివరాలు. పార్కు వీల్‌చైర్ అద్దె ఒక మనిషి అక్కడ చేసే భోజనం ఖర్చుకి మించదు. ముందుగా బుక్ చేసుకునే పద్ధతి లేదు, ముందొచ్చినవాళ్లకి ముందు. ఆ కుర్చీ ఆ పార్కు లోపలే తిరగాలి. ఇది ఎప్కాట్‌లో పెద్ద ఇబ్బంది కాదు కానీ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో చిక్కు. అక్కడ కారు పెట్టిన చోటుకీ పార్కు గేటుకీ మధ్య ఒక సరస్సే ఉంది. పార్కింగ్ నుంచి ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్‌కి చేరి, సెక్యూరిటీ దాటి, అక్కడి నుంచి మోనోరైలో పడవో ఎక్కాలి. వీల్‌చైర్ చేతికొచ్చేసరికే చాలా దూరం అయిపోతుంది. రాత్రి తిరిగొచ్చేటప్పుడు, కాళ్లు పూర్తిగా అలిసిపోయాక, గేటు దగ్గర కుర్చీ అప్పగించి అదంతా మళ్లీ నడవాలి. అందుకే మూడు రోజులు తిరిగేవాళ్లకి నేను బయట అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తీసుకోమంటాను, హోటల్‌కే తెచ్చిస్తారు. లేదా చిన్న చక్రాల ట్రాన్స్‌ఫర్ చైర్ ఒకటి కొనేయండి. తేలిగ్గా ఉంటుంది, మడిచి కారు డిక్కీలో పెట్టొచ్చు, అమ్మగారు ఉన్న ఆర్నెల్లూ నయాగరాకీ న్యూయార్క్‌కీ కూడా పనికొస్తుంది. దీన్ని వెనక నుంచి ఎవరో ఒకరు తోయాల్సిందే అన్నది గుర్తుపెట్టుకోండి. ఎండలో, ఎప్కాట్ వంతెనల ఎత్తుల మీద తోసేవాళ్లకి నడుము పడిపోతుంది, ఇద్దరు వంతులేసుకోవాలి.

బ్యాటరీ స్కూటర్ కూడా అద్దెకిస్తారు. పార్కులో అయితే నడిపేవాళ్లకి 18 నిండాలి, ఖరీదు ఎక్కువ, పొద్దున్నే అయిపోయే రోజులుంటాయి. మా మామయ్య ముప్పై ఏళ్లు బజాజ్ చేతక్ నడిపిన మనిషి, స్కూటర్ అనగానే ఎగిరి కూర్చున్నారు. హ్యాండిల్ దగ్గర వేగం మీట ఉంటుంది, ఒక చివర తాబేలు బొమ్మ, ఇంకో చివర కుందేలు బొమ్మ. ఆయన తిన్నగా కుందేలు మీద పెట్టి, పాత అలవాటు కొద్దీ లేని బ్రేకు కోసం కాలితో వెతుకుతూ వెళ్లి చెత్తడబ్బాని గుద్దారు. ఈ బళ్లకి కాలి బ్రేకు ఉండదు, చేతిలో మీట వదిలేస్తే ఆగుతుంది. సైకిల్ కూడా తొక్కని అమ్మగారికైతే స్కూటర్ వద్దు, జనంలో భయపడతారు. నడుపుతానంటే ముందురోజు హోటల్ వరండాలో తాబేలు మీద అరగంట సాధన చేయించండి.

చీర, చున్నీ జాగ్రత్త. ఇది ఏ ఇంగ్లీషు సైట్‌లోనూ రాయరు. మా అమ్మ పైట చెంగు వీల్‌చైర్ చక్రానికి చుట్టుకుని భుజం దగ్గర పిన్నుతో సహా లాగేసింది. నేను తోస్తున్నాను, వెనక నుంచి నాకు కనపడలేదు. అప్పట్నుంచి కూర్చోగానే చెంగు ముందుకు తెచ్చి ఒళ్లో దోపుకోవడం, కుచ్చిళ్లు ఫుట్‌రెస్ట్ మీదికి ఎత్తుకోవడం మా నియమం. కుదిరితే ఆ మూడు రోజులూ చున్నీ లేని కుర్తా వేసుకోమనండి.

వీల్‌చైర్ ఉంటే లైన్ తప్పుతుందా అని చాలామంది అడుగుతారు. తప్పదు. చాలా రైడ్లలో కుర్చీతో సహా అదే లైన్లో వెళ్లాలి. పాతవి కొన్నింటికి, ముఖ్యంగా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, వేరే దారి చూపిస్తారు. లైన్లో కూర్చుని ఉంటారు, మనకి కావలసింది అదే కదా. ఇంకొకటి, డాస్ అని డిజేబిలిటీ యాక్సెస్ సర్వీస్ ఉంది (లైన్లో నిలబడకుండా, తర్వాత రమ్మని టైమ్ ఇస్తారు), దాని గురించి పాత వీడియోలు చూసి ఆశపడకండి. 2024లో నియమాలు మార్చారు. ఇప్పుడది ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల మామూలు లైన్లో ఎక్కువసేపు ఉండలేనివాళ్ల కోసం. కాళ్ల నొప్పులకి వాళ్లు చెప్పే సమాధానం వీల్‌చైరే. డబ్బు పెట్టగలిగితే లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టినవాళ్లు వెళ్లే చిన్న లైన్) కొనుక్కోవచ్చు, రేటు రోజుని బట్టి మారుతుంది. నా లెక్కలో ముందు వీల్‌చైర్, డబ్బు మిగిలితే అది.

ఏ పార్కు వదలాలి? 61 ఏళ్ల తల్లితో అయితే నేను హాలీవుడ్ స్టూడియోస్ వదిలేస్తాను. కుదుపుల రైడ్లు ఎక్కువ, పెద్దవాళ్లు బయట బ్యాగులు పట్టుకుని నిలబడే పార్కు అది. పిల్లలు గొడవ చేస్తే వాళ్లని తీసుకుని మీరొకరు వెళ్లండి, అమ్మగారు ఆ రోజు హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. మూడు రోజుల టికెట్‌ని వరుసగా మూడు రోజులు వాడక్కర్లేదు, మధ్యలో ఖాళీ రోజు పెట్టుకోవచ్చు. రెండో రోజు తర్వాత ఆ ఖాళీ పెట్టండి.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు ఉంది. ఆ రోజు నడుస్తుంటే దాన్ని రైడ్‌లా కాకుండా ఆర్టీసీ బస్సులా వాడండి, ఒక చోట ఎక్కి అవతలి చివర దిగడానికి. కారొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అని ఇరవై నిమిషాల బొమ్మల నాటకం ఉంది. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసింది, తర్వాత ఇక్కడికి తెచ్చారు. కుర్చీలతో సహా హాలే గుండ్రంగా తిరుగుతుంది, చల్లగా ఉంటుంది, లైన్ తక్కువ. మా మామయ్య అందులో రెండుసార్లు హాయిగా నిద్రపోయారు. పీపుల్ మూవర్ కూడా కూర్చుని చుట్టూ చూసే రైడే కానీ, కదిలే బెల్ట్ మీద నడిచి ఎక్కాలి. మడమ మంట మీద ఉన్నప్పుడు ఆ తడబాటు మంచిది కాదు.

ఎప్కాట్‌లో అసలు పరీక్ష వరల్డ్ షోకేస్. సరస్సు చుట్టూ 11 దేశాల మండపాలు, మొత్తం చుట్టు దాదాపు రెండు కిలోమీటర్లు. అందులో మన దేశం లేదు, ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే వెతుకుతూ ఇంకో చుట్టు తిరుగుతారు. సరస్సు మీద పడవలు తిరుగుతుంటాయి, టికెట్‌లో కలిసినవే. సగం చుట్టి పడవ ఎక్కి ఇవతలికి వచ్చేయండి. అమెరికా మండపంలో అరగంట షో ఉంది, మెత్తటి సీట్లు, సరిగ్గా సగం దారిలో. ఇవన్నీ కాక, మీది వ్యవసాయ కుటుంబమైతే లివింగ్ విత్ ద ల్యాండ్ పడవ తప్పకుండా ఎక్కించండి. గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి మెల్లగా వెళుతుంది, మట్టి లేకుండా నీళ్లలో పెంచే మొక్కలు, పైనుంచి వేలాడే గుమ్మడికాయలు. మా మామయ్య మిగతా డిస్నీ అంతా మర్చిపోయారు కానీ ఆ టమాటా పందిరి గురించి తెనాలి వెళ్లాక కూడా ఫోన్‌లో అడుగుతున్నారు, దానికి మందులేం కొడతారని.

యానిమల్ కింగ్‌డమ్ నాలుగింటిలో విస్తీర్ణంలో పెద్దది. దారులు కావాలనే ఎగుడుదిగుడుగా, మట్టిబాటలా కనిపించేట్టు చేశారు. వీల్‌చైర్ ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ అవసరం. సఫారీ ట్రక్కు బాగా కుదుపుతుంది, ఆ సేపు మడమలు ఎత్తి వేళ్ల మీద ఆనించుకోమనండి.

పొద్దున్నే పార్కు తెరిచే వేళకి వెళ్లి, పన్నెండున్నర ఒంటిగంటకి వచ్చేసి, ఐదుకి మళ్లీ వెళ్లడం మంచి పద్ధతి. జూన్‌లో ఓర్లాండో మధ్యాహ్నాలు మన కోస్తా ఉక్కపోతే. చాలా రోజులు రెండు మూడింటికి ఉరుముల వాన దంచుతుంది. ఆ వేళకి గదిలో ఉంటే ఎండా వానా రెండూ తప్పుతాయి. భోజనం ఇంటి నుంచి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు, విడి ఐసు తప్ప. మేం పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళతాం. కౌంటర్ దగ్గర అడిగితే ఐసు వేసిన నీళ్లు ఊరికే ఇస్తారు. ప్రతి పార్కులోనూ ఫస్ట్ ఎయిడ్ సెంటర్ ఉంటుంది, నర్సులుంటారు, కాసేపు పడుకోవడానికి మంచం ఇస్తారు. నేను 2018లో ఆ సంగతి తెలియక గట్టు మీద కూర్చున్నాను.

బాణసంచా చూడాలంటే మంచి చోటు కోసం గంట ముందు నుంచి నిలబడాలి, అయిపోయాక ఊరంతా ఒకేసారి గేటుకి పరిగెడుతుంది. మడమ నొప్పివాళ్లకి రోజులో అతి చెడ్డ గంట అదే. ఒక్క రాత్రికే పెట్టుకోండి. అయ్యాక వెంటనే లేవకండి. అరగంట కూర్చుని, జనం పలచబడ్డాక కదలండి.

ఇప్పుడు షూస్. అన్నిటికంటే ముందు అడిగారు, ఆలస్యంగా చెబుతున్నాను, కావాలనే. బ్రాండ్ పేరు చెప్పను, పాదం పాదానికీ మారుతుంది. షాపులో షూని రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో మడతపడితే వద్దు. వెనక మడమని పట్టే భాగం నొక్కితే అణిగిపోకూడదు. ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మనవాళ్లు మడమ నొప్పికి వాడే ఎంసీఆర్ చెప్పులు ఇంట్లోకి బాగుంటాయి కానీ పార్కుకి చాలవు, మడమ జారుతుంటే వేళ్లు బిగించి పట్టుకుని నడుస్తారు, వానలో ఇంకా కష్టం. కొత్త షూస్‌తో నేరుగా ట్రిప్పుకి వెళ్లకూడదు. కనీసం మూడు వారాలు వాడి ఉండాలి. విజయవాడలోనే కొనిపించి, రోజూ పొద్దున్న ఇరవై నిమిషాలతో మొదలుపెట్టించి ముప్పావుగంట దాకా తీసుకురండి. చీర కింద స్పోర్ట్స్ షూసా అని సిగ్గుపడతారు. మా అమ్మ కూడా పడింది. అమెరికాలో దిగిన రెండో రోజు గుడిలో ఇంకో పదిమందిని అలాగే చూశాక సిగ్గు పోయింది.

రెండో జత కూడా పెట్టుకోండి, మధ్యాహ్నం గదికి వచ్చినప్పుడు మార్చేయొచ్చు. తడిసినవి ఆరతాయి, ఒత్తిడి పడే చోటు మారుతుంది. సిలికాన్ హీల్ కప్పులు వాడితే రెండు కాళ్లకీ వేయాలి, ఒక్క కాలికి వేస్తే నడుము పట్టేస్తుంది. మేజోళ్లు రోజుకి రెండు జతలు. కాటన్‌వి చెమట పట్టుకుని బొబ్బలు తెస్తాయి, స్పోర్ట్స్ సాక్స్ మేలు.

ట్రిప్పుకి నాలుగు వారాల ముందు నుంచి చేయాల్సినవి రెండే. పొద్దున్న మంచం దిగకముందు పాత చున్నీనో తువ్వాలునో అరికాలి ముందు భాగానికి వేసి, మోకాలు వంచకుండా తన వైపు లాగి పది సెకన్లు పట్టుకోవాలి, పదిసార్లు. రెండోది, గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనించి, పిక్క సాగేలా ముందుకి వంగి ముప్పై సెకన్లు, ఒక్కో కాలికి మూడుసార్లు. ఇవి నాలుగు రోజుల్లో పనిచేయవు, నాలుగు వారాల్లో చేస్తాయి. ఇంట్లో గ్రానైట్ మీద ఉత్త కాళ్లతో తిరగడం ఈరోజే మానిపించండి. వంటగదిలో దోసెలు పోస్తూ గంట నిలబడేది ఉత్త కాళ్లతోనే కదా, సగం జబ్బు అక్కడే ఉంది.

కుదిరితే ఒక మార్పు చేయండి: వచ్చిన వారానికే కాకుండా మూడో వారం తర్వాత ఓర్లాండో పెట్టుకోండి. అంత దూరం విమానంలో వచ్చాక పాదాల వాపు, నిద్ర వేళలు సర్దుకోవాలి. జూన్ చివరైనా జూలై అయినా అక్కడి ఎండ ఒకటే. విమానం దిగిన రోజుల్లో ఒక్క కాలి పిక్క మాత్రమే ఉబ్బి, నొప్పిగా, వేడిగా ఉంటే అది మడమ నొప్పి కాదు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

రాత్రి గదికొచ్చాక నీళ్ల సీసా గడ్డకట్టించి తువ్వాలు మీద పెట్టి, అరికాలితో పది నిమిషాలు దొర్లించమనండి. తర్వాత దిండ్లు పెట్టి కాళ్లు ఎత్తుగా. మాత్రల సంగతి అమ్మగారి డాక్టర్‌ని అడిగే తేల్చుకోండి, ముఖ్యంగా బీపీ, కిడ్నీ, రక్తం పలచబడే మందులు ఉంటే ఐబుప్రొఫెన్ జోలికి సొంతంగా పోవద్దు. "పొద్దున్నే ఒకటి వేసుకుంటే రోజంతా తిరగొచ్చు" అనే ఆలోచన మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. నొప్పి తెలియకుండా ఇరవై వేల అడుగులు వేయడమే అది. ట్రిప్పు ముందు మడమకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేస్తామనేవాళ్లూ ఉన్నారు. ఇంజెక్షన్ తర్వాత ఆ పట్టీ తెగే ప్రమాదం కొందరిలో ఉంది. చేయించుకుని వెంటనే ఇంత తిరుగుడు పెట్టుకోవద్దు.

మీరు రాయనిది ఒకటుంది: అమ్మగారికి షుగర్ ఉందా? ఉంటే పైన చెప్పినవాటిలో కొన్ని మారతాయి. మా అత్తగారికి పద్నాలుగేళ్లుగా షుగర్, పాదాల్లో స్పర్శ తగ్గింది. ఎప్కాట్‌లో రోజంతా ఎంతడిగినా "నాకేం నొప్పి లేదమ్మా, మీరే అలిసిపోయారు" అని నవ్వుతూ తిరిగారు. రాత్రి మేజోడు విప్పబోతే రాలేదు, అరికాలికి అతుక్కుపోయింది. తడిపి తీస్తే రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి ఉంది. అది మానడానికి ఆరు వారాలు పట్టింది. స్పర్శ తగ్గినవాళ్లకి ఐసు సీసా వద్దు, వేడినీళ్లు వద్దు, అంటించే టేపులు వద్దు. నొప్పి ఉందా అని అడగొద్దు. మధ్యాహ్నం గదికొచ్చినప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి మేజోళ్లు విప్పించి, వేళ్ల సందులతో సహా మీరే కళ్లతో చూడాలి.

షుగర్ ఉందో లేదో, హోటల్ ఎక్కడ తీసుకున్నారో, తోయడానికి మీతో ఎంతమంది పెద్దవాళ్లు వస్తున్నారో కింద రాయండి. దాన్ని బట్టి వీల్‌చైర్ కొనడమా, అద్దెకి తీసుకోవడమా చెబుతాను.